అలివి నీళ్ళకి రెండో సాక్షి

"నీళ్ళల్లో ఉప్పుందో లేదో నాలిక మీద వేసుకుంటే తెలిసిపోతుంది గదా, దానికి తిరుపతి నుంచి వాకాడు దాకా పోవాల్నా?" అని మా అమ్మ అడిగింది, నేను సీసాలు సంచిలో సర్దుకుంటుంటే.

అడిగినప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. బస్సుకి టైమైపోతోంది. కానీ దారంతా ఆ ప్రశ్నే బుర్రలో తిరిగింది, ఎందుకంటే అది మంచి ప్రశ్న. నేను పీహెచ్‌డీ చేస్తున్నది నది సముద్రంలో కలిసే చోట నీళ్ళు ఎలా కలుస్తాయనే దాని మీద. పేపర్లలో దాన్ని ముఖద్వారం అని రాస్తారు, అక్కడ వేటకు పోయేవాళ్ళు అలివి అంటారు. నాకు అలివి అనే మాటే ఇష్టం, ఈ పోస్టులో అదే వాడతాను. ఉప్పుని కొలవడం నిజంగానే తేలిక, చేతిలో పట్టే మీటరు నీళ్ళలో ముంచితే నిమిషంలో చెబుతుంది. మరి దాంతో ఆపకుండా ఆక్సిజన్ ఐసోటోపులంటూ (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) ఎందుకు తిరుగుతున్నానంటే, దానికి జవాబు మా అమ్మ రోజూ పొద్దున పోయే పాలకేంద్రంలోనే ఉంది. ఆ జవాబు ఆమెకి ఎలా చెప్పానో ఇక్కడా అలాగే రాస్తాను.

మా ఊరు చంద్రగిరి పక్కన. అమ్మకి రెండు సీమావులు. పాలల్లో నీళ్ళు కలిపారా అని చూడటానికి పాత రోజుల్లో లాక్టోమీటరు ఒక్కటే ఉండేది. పాలు ఎంత బరువో అది చెబుతుంది, నీళ్ళు కలిస్తే పాలు తేలికై అది కిందికి దిగుతుంది. దీన్ని మోసం చేయడం ఎలాగో పాలవ్యాపారం తెలిసినవాళ్ళందరికీ తెలుసు. ముందు మీగడ తీసేయాలి. కొవ్వు నీళ్ళకంటే తేలిక కాబట్టి అది పోతే మిగిలిన పాలు బరువెక్కుతాయి, లాక్టోమీటరు పైకి లేస్తుంది. అప్పుడు కాసిన్ని నీళ్ళు పోస్తే మళ్ళీ దిగి, సరిగ్గా మంచి పాల గీత దగ్గరే నిలబడుతుంది. కొలత ఒకటే అయినంతవరకు, దాన్ని అదే చోటికి తెచ్చే దారులు రెండు మూడు ఉంటాయి. అందుకే ఫ్యాట్ కూడా చూస్తారు. రెండు కొలతలూ పక్కపక్కన పెడితే, ఈ పాలు ఏ దారిలో ఇలా అయ్యాయో బయటపడుతుంది.

అలివి దగ్గర ఉప్పు మీటరు మన లాక్టోమీటరు. ఆక్సిజన్-18 అక్కడ ఫ్యాట్ టెస్టు లాంటిది, రెండో సాక్షి.

ముందు ఉప్పు లెక్క ఎలా వేస్తారో చూద్దాం. సముద్రపు నీళ్ళల్లో వెయ్యికి దాదాపు 35 వంతులు ఉప్పు. ఏటి నీళ్ళల్లో లేనట్టే లెక్క. అలివిలో ఒక సీసా పట్టాం, ఉప్పు 21 వచ్చింది. 35లో 21 అంటే 60 శాతం, కాబట్టి ఆ సీసాలో 60 వంతులు సముద్రం, 40 వంతులు ఏరు. చాలా చోట్ల, చాలా రోజులు ఈ లెక్క చాలు. గోదావరి అలివి ఆగస్టులో అలాంటిదే, వరద సముద్రాన్ని వెనక్కి నెట్టేసి దాదాపు అంతా మంచినీళ్ళే ఉంటాయి. వరద తగ్గి, ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఆపేశాక సముద్రం మెల్లగా లోపలికి వస్తుంది. రెండు చివరలూ గట్టిగా ఉన్నాయి, మధ్యలో ఉన్నది కలగలుపు.

స్వర్ణముఖి అలా కాదు. పాకాల దగ్గర కొండల్లో పుట్టి, తొండవాడలో భీమా, కల్యాణి నదుల్ని కలుపుకొని, తిరుపతి పక్కగా, కాళహస్తి గుడి గోడలని ఆనుకొని, నాయుడుపేట మీదుగా వాకాడు దాటి బంగాళాఖాతంలో కలిసే ఈ ఏరు మొత్తం పొడవు 130 కిలోమీటర్లే. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. పైగా అలివి దగ్గర ఇసుక మేటలు వేస్తుంది. ఎండాకాలంలో సముద్రం ఇసుకను తోసుకొచ్చి నోరు మూసేస్తే, లోపల చిక్కుకున్న నీళ్ళు నెలల తరబడి ఎండకి ఉడుకుతాయి. కాస్త దక్షిణాన పులికాట్‌లోనూ అదే కథ, అది ఎంతో పెద్ద సరస్సు అయినా లోతు సగటున మీటరు అటూ ఇటూ, ముఖద్వారాలు పూడిపోయినప్పుడల్లా మత్స్యకారులు తవ్వించమని మొరపెట్టుకుంటూనే ఉంటారు.

ఇప్పుడు ఆ 21 ఉప్పున్న నీళ్ళు ఎండలో నిలబడి నాలుగో వంతు ఆవిరైపోయాయనుకోండి. ఉప్పు ఆవిరవదు కాబట్టి మీటరు 28 చూపిస్తుంది. 28 అంటే 80 శాతం సముద్రం, 20 శాతం ఏరు అని లెక్క చెబుతుంది. తప్పు! సముద్రం నుంచి ఒక్క చుక్క కూడా కొత్తగా రాలేదు. అలివి నోరు మూసుకుని ఉంది. ఎండ చేసిన పనిని మనం సముద్రం ఖాతాలో రాసేశాం. ఈ తప్పు కాగితం మీదే ఆగితే పరవాలేదు. దీన్ని బట్టి ఇసుక ఎప్పుడు తవ్వాలి, పైన బ్యారేజీ నుంచి నీళ్ళు ఎంత వదలాలి అని నిర్ణయాలు తీసుకుంటే వేటమీద బతికేవాళ్ళకి నష్టం. నాకు ఈ పని మీద పట్టుదల అందుకే.

ఆక్సిజన్-18 సంగతికి వస్తాను. పేరు విని భయపడాల్సిన పని లేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు పడవ నడిపే అన్న "అమ్మా, ఇది రేడియేషన్ కాదు గదా?" అని అడిగాడు. కాదు. ఇది స్థిరమైన ఐసోటోపు, విచ్ఛిన్నం కాదు, ఏ కిరణాలూ రావు, మనం తాగే ప్రతి గ్లాసులోనూ ఉంది. ఆక్సిజన్ పరమాణువుల్లో ఎక్కువ భాగం 16 బరువువి. దాదాపు 500కి ఒకటి 18 బరువుది. 1929లో జియాక్, జాన్‌స్టన్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టారు. రసాయనంగా రెండింటికీ తేడా లేదు, ఉన్నది బరువులోనే. కానీ ఆ కొంచెం బరువు వల్లే నీళ్ళు ఎక్కడెక్కడ తిరిగొచ్చాయో గుర్తు మిగులుతుంది.

చేటలో వడ్లు చెరగడం చూసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. తేలికైన పొట్టు ముందు ఎగిరిపోతుంది, గింజ నిలబడుతుంది. నీళ్ళు ఆవిరయ్యేటప్పుడు 16 ఉన్న తేలిక అణువులు కొంచెం ముందు లేస్తాయి, 18 ఉన్నవి కొంచెం వెనకబడతాయి. 25 డిగ్రీల దగ్గర ఆవిరి, తను లేచిన నీళ్ళకంటే వెయ్యికి 9 వంతులు తేలికగా ఉంటుంది. అదే ఆవిరి మేఘమై వాన కురిసేటప్పుడు లెక్క తిరగబడుతుంది, బరువున్నవి ముందు పడతాయి, మిగిలిన మేఘం ఇంకా తేలికవుతుంది. అందుకని సముద్రం నుంచి దూరంగా పోయేకొద్దీ, ఎత్తు ఎక్కేకొద్దీ, మేఘం ఎక్కువ కురిసేకొద్దీ వాననీళ్ళు తేలికవుతూ పోతాయి. తిరుమల కొండ ఊరికంటే దాదాపు 700 మీటర్లు ఎత్తు. అక్కడ కురిసే వానకీ కింద బస్టాండు దగ్గర కురిసే వానకీ మధ్య యంత్రం పసిగట్టగలిగే తేడా ఉంటుందని ఎత్తు లెక్క చెబుతుంది. కపిలతీర్థం జలపాతం దగ్గర నిలబడినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది, ఇవి పైన పడిన నీళ్ళు, మా ఊళ్ళో పడినవి కావు అని.

ఈ తేడాలు చాలా చిన్నవి, శాతాల్లో చెబితే సున్నాలే కనిపిస్తాయి. అందుకే ఒక ప్రామాణికమైన నీళ్ళతో పోల్చి, వెయ్యికి ఎన్ని వంతులు ఎక్కువ లేదా తక్కువ అని చెబుతారు. దాన్ని డెల్టా విలువ అంటారు, నదుల డెల్టాకీ దీనికీ సంబంధం లేదు. 1961లో హార్మన్ క్రెయిగ్ సగటు సముద్రపు నీళ్ళని సున్నాగా పెట్టాడు, ఇప్పుడు వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇచ్చే ప్రామాణిక నీళ్ళతో ప్రపంచంలో అన్ని ల్యాబులూ తమ యంత్రాలని సరిచూసుకుంటాయి. రెండో ప్రామాణికం అంటార్కిటికా మంచు నుంచి తీసినది, దాని విలువ మైనస్ 55.5. మన వానలు ఆ రెండింటి మధ్య, సున్నాకి చాలా దగ్గరగా ఉంటాయి.

లెక్క తేలికగా ఉండాలని సముద్రం సున్నా, ఏరు మైనస్ 5 అనుకుందాం. ఇందాకటి సీసాలో 40 శాతం ఏరు కాబట్టి డెల్టా మైనస్ 2 రావాలి. ఉప్పుని అడ్డంగా, డెల్టాని నిలువుగా పెట్టి గీత గీస్తే ఏరు ఒక చివర, సముద్రం ఇంకో చివర, కలిసిన నీళ్ళన్నీ ఆ రెండింటినీ కలిపే సరళరేఖ మీదే పడతాయి. 1953లో ఎప్‌స్టీన్, మయేడా సముద్రపు నీళ్ళలో ఉప్పుకీ ఆక్సిజన్-18కీ ఉన్న ఈ సంబంధాన్ని చూపించారు. ఇప్పుడు ఎండకి ఉడికిన నీళ్ళని ఆ బొమ్మ మీద పెట్టండి. ఉప్పు 28 అయితే గీత ప్రకారం డెల్టా మైనస్ 1 ఉండాలి. కానీ తేలిక అణువులు ఎగిరిపోయాయి కదా, మిగిలిన నీళ్ళు అంతకంటే బరువుగా ఉంటాయి. చుక్క గీతకి పైన పడుతుంది. ఆ చుక్క గీత మీద లేదంటేనే తెలిసిపోతుంది, ఇక్కడ జరిగింది కలవడం ఒక్కటే కాదు, ఎండ కూడా ఉంది అని.

తుఫాను వాన దీనికి సరిగ్గా ఎదురు. 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పటిలా అలివి మీద, సరస్సు మీద నేరుగా కుండపోత కురిస్తే ఉప్పు పడిపోతుంది, మీటరు చూసినవాళ్ళు ఏరు పారిందని అనుకుంటారు. కానీ తుఫాను మేఘాలు కురిసి కురిసి వచ్చినవి, వాటి వాన మామూలు వానకంటే బాగా తేలిక. చుక్క గీతకి కింద పడుతుంది. పైన పడితే ఎండ, కింద పడితే వాన, గీత మీద ఉంటే ఏరూ సముద్రమూ. రాసేంత తేలిక కాదు గానీ, అసలు ఆలోచన ఇదే. ఉత్తరధ్రువం దగ్గర కూడా ఇదే పని వేరే రకంగా చేస్తారు, అక్కడ ఉప్పు తగ్గడానికి పెద్ద నదుల నీళ్ళూ కారణం కావచ్చు, సముద్రపు మంచు కరగడమూ కారణం కావచ్చు, నది నీళ్ళు బాగా తేలిక, సముద్రపు మంచు మాత్రం సముద్రానికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి విడదీయగలుగుతారు.

ఇంతవరకు చెప్పింది పుస్తకంలో దొరికేదే. నన్ను నిజంగా పట్టుకున్నది దీని తర్వాత వచ్చే చిక్కు: ఆ గీతకి రెండు చివరలు ఉండాలి. ఏటి నీళ్ళ డెల్టా ఎంత అని తెలియకపోతే గీత గీయలేం. స్వర్ణముఖికి ఆ చివర ఏది?

మన వైపు వానలు రెండు రకాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అది మనకి అరకొర. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం, చెరువులు నిండేది దాంతోనే. దక్షిణ భారతంలో ఈశాన్య రుతుపవనాల వాన, నైరుతి వానకంటే తేలికగా ఉంటుంది. వాయుగుండాలుగా పెద్ద ఎత్తున కూడిన మేఘాలు దారిలో కురుస్తూ రావడం దానికి ఒక కారణం. అంటే ఆగస్టులో ఏట్లో కొంచెం నీళ్ళు పారితే వాటి చివర ఒకటి, నవంబరులో వరదొస్తే వాటి చివర ఇంకొకటి. 2021 నవంబరు 18న తిరుపతిలో రోడ్లన్నీ ఏరులైన రోజు గుర్తుందా? కొండమీది ఘాట్ రోడ్లు దెబ్బతిన్నాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ చేశాయి. ఆ రోజు స్వర్ణముఖిలో పోయిన నీళ్ళు ఏ చెరువులోనూ నిలబడే తీరిక లేకుండా నేరుగా సముద్రానికి పరిగెత్తాయి, అవి వాన విలువతోనే అలివికి చేరి ఉంటాయి.

మామూలు ఏడాదిలో అలా జరగదు. మన జిల్లాల్లో వాన ముందు చెరువులోకి పోతుంది. ఒక చెరువు నిండి మొరవ పారితే ఆ నీళ్ళు కింది చెరువుకి, అది నిండితే దాని కిందిదానికి, అలా గొలుసుగా దిగి చివరికి ఏటికి చేరతాయి. ప్రతి చెరువులోనూ వారాలో నెలలో ఎండకి నిలబడతాయి. ప్రతి చోటా చేట ఒకసారి చెరిగినట్టే, తేలికవి పోతాయి, బరువువి మిగులుతాయి. కాబట్టి ఏటికి చేరేసరికి అవి వాననీళ్ళ విలువలో ఉండవు. ఒక్క ఆక్సిజన్‌తో ఇది పట్టుబడటం కష్టం, అందుకే హైడ్రోజన్‌లో బరువైన డ్యుటీరియాన్ని కూడా కొలుస్తాం. ప్రపంచమంతటా వానల్లో ఈ రెండింటికీ ఒక లెక్క ఉంది, డ్యుటీరియం విలువ ఆక్సిజన్ విలువకి 8 రెట్లు, దానికి 10 కలపాలి. దీన్ని కూడా క్రెయిగే 1961లో చూపించాడు. చెరువులో ఎండిన నీళ్ళు ఆ 8ని పాటించవు, 4 నుంచి 6 మధ్య వాలుతో పక్కకి జరుగుతాయి. అంటే ఆ నీళ్ళు చెరువులో కాపురం చేసి వచ్చాయా, నేరుగా వచ్చాయా అనేది కూడా దాచిపెట్టలేవు.

ఇంకో సంగతి ఉంది, ఇది నాకు తట్టినరోజు చాలాసేపు నిద్ర పట్టలేదు. తిరుపతి కుళాయిల్లో వచ్చేవి మన నీళ్ళే కాదు. కల్యాణి డ్యాంతో పాటు తెలుగుగంగ నీళ్ళు, అంటే శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా వచ్చిన కృష్ణా నీళ్ళు కూడా. పడమటి కనుమల్లో కురిసి, దక్కను మొత్తం దాటి, ఇన్ని జలాశయాల్లో ఎండకి నిలబడి మన బకెట్లోకి వచ్చాయి. ఊరు వాడి పారబోసిన నీళ్ళలో కొంత మళ్ళీ ఏటివైపే పోతుంది. ఎండాకాలంలో తిరుచానూరు దిగువన ఇసుక మధ్య ఒక సన్నటి పాయ కనిపిస్తే, అది చంద్రగిరి కొండల వాన కాకపోవచ్చు! అలివి దగ్గర "ఏటి నీళ్ళు" అని నేను రాసుకునే ఆ ఒక్క మాటలో ఇవన్నీ కలిసి ఉన్నాయి.

సముద్రం చివరైనా కుదురుగా ఉంటుందా అంటే అదీ లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంబడి సముద్రపు ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. గంగా, బ్రహ్మపుత్ర వరద నీళ్ళు కలిసిన తక్కువ ఉప్పు నీళ్ళని అది ఆంధ్ర తీరం మీదుగా తమిళనాడు దాకా మోసుకొస్తుంది. ఫిబ్రవరి తర్వాత ప్రవాహం ఉత్తరానికి తిరిగి ఉప్పు మళ్ళీ పెరుగుతుంది. కాబట్టి నవంబరులో వాకాడు అవతల అలలో సీసా ముంచితే అందులో వచ్చేది హిమాలయాల నీళ్ళు కలిసిన సముద్రం. దాన్ని 35 అనీ, సున్నా అనీ రాసుకుంటే లెక్క మొదట్లోనే తప్పింది. అందుకే వెళ్ళిన ప్రతిసారీ పడవలో అలివి నోటి బయటికి పోయి, అలలు విరిగే చోటు దాటి ఆ రోజు సముద్రాన్ని విడిగా పట్టుకొస్తాను. ఇది లేకుండా పాత విలువలతో లెక్క వేసిన పనిని నేను నమ్మలేను, కొంచెం గట్టిగా చెబుతున్నాననిపించినా సరే.

అలివి దగ్గర నీళ్ళు పట్టే పద్ధతి గురించి చాలామంది మెసేజిల్లో అడిగారు కాబట్టి రాస్తున్నా. పోటు మీద ఒకసారి, పాటు మీద ఒకసారి పట్టాలి. మన తీరంలో రెండింటికీ తేడా మీటరు అటూ ఇటూనే గానీ అంత లోతు లేని చోట అదే చాలా ఎక్కువ. పైనీళ్ళు, అడుగునీళ్ళు వేరువేరుగా పట్టాలి, ఏటి నీళ్ళు తేలికగా పైన పరుచుకుని సముద్రం కింద నుంచి నాలుకలా లోపలికి వస్తుంది. సీసా మూతి దాకా నింపాలి, లోపల గాలి ఉండకూడదు, మూత బిగించి పైన టేపు చుట్టాలి. యాసిడ్ గట్రా ఏమీ కలపక్కర్లేదు.

ఆ మూత విషయం నాకు ఒక నెల ఖర్చుతో తెలిసింది. మే నెలలో పట్టిన సీసాలు యంత్రం ఖాళీ అయ్యేదాకా రెండు వారాల పైనే గదిలో ఉన్నాయి, తిరుపతి మే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ కొత్త సీసాల మూతల లోపల పలచటి రబ్బరు పొర ఉండాలి, కొన్నింటికి లేదు. కొనేటప్పుడు ఒక్కొక్కటీ తెరిచి చూడలేదు. కొలిచాక విలువలన్నీ బరువుగా వచ్చాయి. అలివి బాగా ఎండిందని మొదట సంబరపడి రాసుకున్నాను కూడా. తర్వాత ఒకే చోట పట్టిన జంట సీసాల్ని పోల్చితే రెండూ కలవలేదు, పొర లేనిది బరువు, ఉన్నది తేలిక. ఎండింది అలివిలో కాదు, నా సీసాలో. ఆ నెల మొత్తం తీసేశాను. ఆ మే నెల మళ్ళీ రాదు, ఆ నీళ్ళు ఇంకెక్కడా దొరకవు, ఇప్పటికీ ఆ పేజీ చూస్తే గుండె బరువెక్కుతుంది. ఇప్పుడు ప్రతి సీసానీ పట్టిన రోజే తూకం వేసి, కొలిచే రోజు మళ్ళీ వేస్తాను. బరువు తగ్గితే అది పక్కకి.

యంత్రం గురించి రెండు ముక్కలు. ముందు కాలంలో నీళ్ళని కార్బన్ డయాక్సైడ్‌తో ఒకే సీసాలో ఉంచి, రెండింటి మధ్య ఆక్సిజన్ మార్పిడి పూర్తయ్యాక ఆ వాయువుని, బరువుని బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో కొలిచేవారు, ఎప్‌స్టీన్, మయేడాల పద్ధతి అదే, ఇప్పటికీ వాడతారు. ఇప్పుడు లేజరుతో ఆవిరిని నేరుగా కొలిచే యంత్రాలు వచ్చాయి, చిన్నవి, త్వరగా అయిపోతుంది. కానీ అలివి నీళ్ళు వాటికి కష్టం, ఆవిరి చేసే గదిలో ఉప్పు పేరుకుంటుంది, మాటిమాటికీ శుభ్రం చేయాలి. పైగా ముందు పెట్టిన నీళ్ళ జ్ఞాపకం కొంత లోపల మిగిలిపోతుంది కాబట్టి ఒకే సీసాని వరసగా చాలాసార్లు ఎక్కించి మొదటి రెండు మూడు విలువల్ని వదిలేయాలి.

అలివి దగ్గర ఊళ్ళలో మమ్మల్ని ఎక్కువమంది అడిగేది ఇవేవీ కాదు. "మా బోరులో నీళ్ళు ఎందుకు ఉప్పైనాయి?" అని అడుగుతారు. ఇక్కడ రెండో సాక్షి నిజంగా పనికొస్తుంది. సముద్రం భూమిలోంచి చొచ్చుకొచ్చి ఉంటే ఉప్పూ డెల్టా రెండూ కలిసి సముద్రం వైపు జరుగుతాయి. నేలలో ఎప్పటినుంచో ఉన్న ఉప్పు కరిగి వచ్చి ఉంటే ఉప్పు పెరుగుతుంది గానీ డెల్టా కదలదు, ఎందుకంటే ఉప్పు కరిగినంత మాత్రాన నీళ్ళ అణువులు మారవు. రొయ్యల చెరువుల నుంచి ఇంకి ఉంటే ఎండిన నీళ్ళ గుర్తు కనిపిస్తుంది. ఈ మూడింటికీ మందు వేరు. బోరు యజమానికి ఉప్పెంతో చెప్పి వచ్చేస్తే అతనికి నాలికతో తెలిసిందే మళ్ళీ చెప్పినట్టు. అమ్మ అడిగిన ప్రశ్నలో సగం న్యాయం అక్కడే ఉంది.

కాబట్టి నా పనిలో సగం వాకాడు దగ్గర కాదు, ఇక్కడే. ఏటి చివర ఏదో తెలియాలంటే పైన ఏం కురుస్తోందో, ఏ చెరువులో ఎన్నాళ్ళు నిలబడుతోందో నెలనెలా తెలియాలి. 1952 జూన్‌లో కోపెన్‌హేగెన్‌లో విల్లీ డాన్స్‌గార్డ్ అనే ఆయన ఒక బీరు సీసాకి గరాటు పెట్టి పచ్చిక మీద వాననీళ్ళు పట్టాడు, వానల్లో ఐసోటోపులు ఎలా మారతాయనే శాస్త్రంలో పెద్ద భాగం ఆ సీసాతోనే మొదలైంది. మా మిద్దె మీదా అలాంటిదే పెట్టాను. ఐదు లీటర్ల క్యాను, పైన గరాటు, గరాటులో ఒక పింగ్‌పాంగ్ బంతి. వాన పడితే బంతి తేలి నీళ్ళు లోపలికి పోతాయి, ఆగితే బంతి మళ్ళీ రంధ్రం మూసి ఎండకి ఆవిరి కాకుండా ఆపుతుంది. నేను తిరుపతిలో ఉన్న రోజుల్లో దాన్ని చూసేది అమ్మే. పాల ఉదాహరణ చెప్పాక నాలిక మాట మళ్ళీ ఎత్తలేదు, "అంటే మన మిద్దె మీద పడింది కూడా సముద్రం దాకా లెక్కలోకి వస్తుందన్నమాట" అంది.

నిన్న పొద్దున ఐదుకి ఫోన్ చేసింది. రాత్రంతా వాన. "నీ సీసా నింపినా, మూత గట్టిగా తిప్పినా, లోపల రబ్బరు ఉందో లేదో చూసే తిప్పినా. తేదీ కూడా రాసినా. ఇంకోటి, మన చెరువు మొరవ పారతా ఉంది. ఆ నీళ్ళు కూడా ఒక సీసా పట్టమంటావా?"

పట్టమన్నాను. కట్ట అంచున కాకుండా, మొరవ మధ్యలో, పారే చోట పట్టమన్నాను.